సమస్య: “నూనె నీరు గలసె నొక్కటిగను”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీవి. నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. కానీ పచ్చి ఆకులకు పట్టించే సాలడ్ డ్రెస్సింగ్ చేసేవాళ్లు రోజూ కలుపుతున్నారు. మీకు ఇష్టమైన డ్రెస్సింగ్‌తో పూరించండి.

ఆవగింజ:

ఆవముద్ద వేసి యటునిటు చిలికిన
పులుపు నూనెతోడ బొత్తు కుదిరె
పచ్చి యాకులెల్ల పట్టువలె మెరిసె
నూనె నీరు గలసె నొక్కటిగను

ఇది ఫ్రెంచివాళ్ల వినెగ్రెట్ అండీ. మూడు పాళ్లు నూనెకు ఒక పాలు వెనిగర్. నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం, ఆకు రుచిని కప్పెయ్యదు.

నిర్వాహకుడు: చాలా బాగుందమ్మా. “పొత్తు కుదిరె” అన్న మాటలోనే సమస్య విడిపోయింది. ఆవపిండిలోని జిగురు నూనె బొట్లను మళ్లీ ఒకచోట చేరనివ్వదు, కాబట్టి ఆవముద్దతో ఎత్తుకోవడం సరైన ఎంపిక. “పులుపు” అన్నారు, మరి నీరు ఏదని ఎవరైనా అడగవచ్చు. మామూలు వెనిగర్‌లో ఆమ్లం అయిదు శాతం దాకానే, మిగతాదంతా నీరే. పద్యం నిలుస్తుంది.

పద్యపథికుడు:

కోడిగుడ్డు సొనను గుదురుగా జిలుకుచు
బొట్టు బొట్టుగాను బోయ నూనె
నిమ్మరసపు నీట నెమ్మదిగా జేరి
నూనె నీరు గలసె నొక్కటిగను

సీజర్ డ్రెస్సింగ్ గురువుగారూ. 1924లో మెక్సికోలోని టిహువానాలో సీజర్ కార్డీనీ హోటల్‌లో పుట్టిందని చెబుతారు.

నిర్వాహకుడు: “బొట్టు బొట్టుగాను” దగ్గర ఆగిపోయాను. అసలు కిటుకంతా అక్కడే ఉంది. నూనె ఒక్కసారి గుమ్మరిస్తే విరిగిపోతుంది. మెల్లగా పోస్తేనే సొనలోని లెసిథిన్ అనే జిడ్డు పదార్థం ఒక్కో బొట్టునూ పట్టుకుంటుంది. చిక్కదనం అలా వస్తుంది, రొమేన్ ఆకు మడతల్లో నిలుస్తుంది. వినెగ్రెట్‌కు ఆ పట్టు ఉండదు. ఒక్క సవరణ: “నూనె” రెండుసార్లు వచ్చింది. “బోయుచుండ” అంటే గణాలు చెడవు, పునరుక్తి పోతుంది.

పద్యపథికుడు: ధన్యవాదాలు గురువుగారూ, అలాగే మారుస్తాను.

కొత్తిమీర: నాది ఎదురు పూరణ.

ఉప్పు మిరియమేసి యూపితి సీసాను
పైన తైలమాయె పులుపు కింద
నిముసమైన గాదు నేనెట్లు నమ్ముదు
“నూనె నీరు గలసె నొక్కటిగను”

నిర్వాహకుడు: సమస్యను ఇతరుల మాటగా చూపి కాదనడం మంచి దారి. ఆవ, సొన లేకుండా ఊపితే జరిగేది సరిగ్గా ఇదే. రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, తప్పింది; “పై”కి “పు” చెల్లదు. “మిరియమేసి” వ్యావహారికం, పైగా “మేసి” అని వినిపిస్తోంది. ఇలా చూడండి:

ఉప్పు మిరియమిడుచు నూపితి సీసాను
పులుపు కిందికేగె పొంగె నూనె

ఆవగింజ: కొత్తిమీరగారూ, అదే సీసాలో అర చెంచా ఆవముద్ద వేసి ఊపి చూడండి. భోజనం అయ్యేదాకా విడిపోదు.

డాలస్ అన్నయ్య: ఇక్కడ మా పిల్లలకు రాంచ్ తప్ప ఏదీ ఎక్కదు. 1950లలో కాలిఫోర్నియాలో స్టీవ్ హెన్సన్ తన హిడెన్ వ్యాలీ రాంచ్‌లో అతిథులకు వడ్డించి పేరు తెచ్చిన డ్రెస్సింగ్ అది. మజ్జిగ ఉంటుంది కాబట్టి నాకూ ఇంటి రుచి తగులుతుంది.

మజ్జిగందు వెన్న మరుగున నుండదే
ఉల్లికాడ తరిగి యుప్పు జల్లి
కలిపినంత చాలు గరిటెను వీడదు
నూనె నీరు గలసె నొక్కటిగను

నిర్వాహకుడు: మూడో పాదం చాలా నచ్చింది. కానీ సమస్య అడిగింది నూనె, మీరు చూపింది వెన్న. రాంచ్‌లో నూనె వచ్చేది గుడ్డుసొన, నూనె చిలికి చేసే మయొనీస్ నుంచి, అది పద్యంలో లేదు. దాన్ని తెస్తే పూరణ నిలుస్తుంది.

డాలస్ అన్నయ్య: నిజమే గురువుగారూ. మొదటి పాదం మార్చాను:

మజ్జిగకును తోడు మాయొనీ సొక గంటె

నిర్వాహకుడు: ఇప్పుడు కుదిరింది.