శారదనీరదేందు: నీరదం తెల్లగా ఎలా అయింది?

తుషార: పోతన సరస్వతీ స్తుతి ‘శారదనీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికాహార తుషార’ దాకా వచ్చి ఆగిపోతోంది. తెల్లనివాటి వరుసలో నీరదం మొదట ఎందుకుంది? నీరిచ్చేది నల్లమబ్బు కదా! ‘శారదా నీరదేందు’ అనీ ఒకచోట విన్నాను.

గణయతి: దీర్ఘం కుదరదండీ. ఇది ఉత్పలమాల, మొదటిది భగణం. ‘శారదా’ అంటే రగణమైపోతుంది. పదో అక్షరం ‘సా’, యతి సరిపోయింది. ఇక అర్థమంటారా, శారదనీరదం అంటే శరత్కాలపు మబ్బు; కురవాల్సిందంతా కురిసి నీరు వదిలేసింది కాబట్టి తెల్లబడింది.

మబ్బులెక్క: అది సగమే నిజం. మేఘబిందువు వ్యాసార్థం సుమారు 10 మైక్రాన్లు ఉంటుంది. కంటికి కనిపించే వెలుగును దాదాపు పీల్చుకోదు, చెదరగొడుతుంది. చదరపు మీటరు మీద 100 గ్రాముల నీరుంటే ఆప్టికల్ డెప్త్ (వెలుగుకు మబ్బు ఎంత మందంగా అడ్డుపడుతుందో చెప్పే సంఖ్య) 1.5×100/10 = 15. అసిమెట్రీ (చెదిరిన వెలుగు ఎంతగా ముందుకే పోతుందో చెప్పే సంఖ్య) 0.85 అనుకుంటే 53 శాతం వెలుగు పైకి తిరిగిపోతుంది. నీరు 700 గ్రాములైతే 89 శాతం. అంటే వానమబ్బే ఎక్కువ తెలుపు! మబ్బు అడుగుభాగానికి 11 శాతమే దిగుతుంది కనుక కింద ఉన్న మనకు నలుపు. విమానంలోంచి చూస్తే అదే మబ్బు ధగధగలాడుతుంది.

రెల్లుపువ్వు: మరి ‘శారద’ ఇందుడికీ, అంటే చంద్రుడికీ వర్తిస్తుందా? ముందుకెళ్తే ‘కాశ’ ఉంది, రెల్లు పూసేదీ శరత్తులోనే. పద్యమంతా ఆ రుతువే అనిపిస్తుంది నాకు.

గణయతి: ‘మందార’, ‘ఫణీశ’ (ఆదిశేషుడు) ఉన్నాయి కదమ్మా, వాటికి రుతువేది?

మబ్బులెక్క: శరత్తు మబ్బు పింజలు పింజలుగా ఉంటుంది, నా పై లెక్క తప్పేదీ అక్కడే. సగం ఆకాశంలో డెప్త్ 2, సగంలో 28 అనుకోండి. ముందే సగటు తీసి 15 పెడితే 53 శాతం వస్తుంది. విడివిడిగా లెక్కిస్తే 13, 68, సగటు 40. బిందువుల మామూలు సగటు వ్యాసార్థం వాడినా తప్పే. వ్యాసార్థాల ఘనాల మొత్తాన్ని వర్గాల మొత్తంతో భాగించాలి. లేదంటే చిన్నబిందువుల సంఖ్యే సగటును కిందికి లాగి, డెప్త్ పెరిగిపోతుంది.

తుషార: అయితే బిందువు చిన్నదైతే ఇంకా తెలుపా?

మబ్బులెక్క: అవును. అదే నీటిని 8 రెట్లు బిందువులుగా పంచితే వ్యాసార్థం సగమై, డెప్త్ రెట్టింపవుతుంది. పోతన వరుసలో నీరదం, తుషారం (మంచు), ఫేనం (నురుగు) మూడూ నీళ్లే గమనించండి! విడిగా రంగులేనివే, పొడిపొడి అయ్యాక తెలుపు. ఆయన చూపుకి నమస్కారం.

రెల్లుపువ్వు: చాలా బాగుంది. ‘కాటుక కంటినీరు’ చాటువూ ఆ సరస్వతి మీదే, అక్కడ నలుపు కూడా నీళ్లలోంచే!

గణయతి: ఆ చాటువు పోతనదేనా అన్నది వేరే చర్చ. ముందు ‘మల్లికాహార’ తేల్చండి. మల్లెపూల దండా, లేక మల్లె వేరు, ముత్యాలహారం వేరూనా?

తుషార: నేను దండ అనే చదువుకున్నాను.

రెల్లుపువ్వు: వేరువేరే. వరుసలో అన్నీ విడి వస్తువులే కదా.

గణయతి: మరి ‘సితతామర’ సంగతి? అక్కడ ‘సిత’ (తెల్లని) అనే విశేషణం ఉందిగా!