తోలుగుడ్లు పెడుతున్న పెట్టకు ఏమి పెట్టాలి?

పెందుర్తిలో మా పెరట్లో 6 వనరాజా పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పది రోజులుగా ఒక పెట్ట తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెడుతోంది. నిన్నటిది చేతిలోకి తీసుకోగానే తడి బెలూనులా నొక్కుకుపోయింది.

తప్పు నాదేనేమో. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) వేస్తూనే, సాయంత్రం నూకలు, మిగిలిన అన్నం గుప్పిళ్లకొద్దీ చల్లేవాడిని. చిరుతిండి పదోవంతు మించకూడదని ఇప్పుడే తెలిసింది. పెంకుకు కావలసిన కాల్షియానికి మునగాకు చాలంటారు మా అత్తగారు. కోళ్లు కూడా ఆవిడ పక్షమే.

దాణా సంచి మీద కాల్షియం 3.5 శాతం అని ఉంది. అయినా కాల్షియం కోసం విడిగా ఆల్చిప్పల గుల్ల పెట్టాలా? భీమిలి ఒడ్డున ఏరిన ఆల్చిప్పలను మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, దంచి వేయవచ్చా, ఉప్పు మిగిలిపోతుందా? పుంజుకు అంత కాల్షియం అవసరం లేదు కాబట్టి వేరే గిన్నెలో పెడదామనుకుంటున్నాను. ఉప్పు లేని ఎండుచేపలు, అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) పెట్టి చూసినవారు ఎంత మోతాదులో వేశారో చెప్పగలరా?