ఇన్సూరెన్స్ లేనివాళ్ల మీద పన్ను జరిమానా: అమెరికా రాజ్యాంగానికి నప్పుతుందా?

కృష్ణాతీరం:
ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) కింద పాలసీ లేనివాళ్లకి వేసే జరిమానాను అమెరికా సుప్రీంకోర్టు 2012 జూన్ 28న ‘ఇది పన్నే’ అంటూ 5-4తో నిలబెట్టింది. నన్నడిగితే ఆ తీర్పు తప్పు. సెక్షన్ 5000ఏలోనూ చట్టంలో మిగతాచోట్లా దాన్ని ‘పెనాల్టీ’ అనే రాశారు, ఆ ఒక్క సెక్షన్‌లోనే 18 సార్లు. ముందు ‘పాలసీ ఉండి తీరాలి’ అని ఆజ్ఞ, తర్వాత లేనివాడికి వడ్డింపు. ఇది శిక్ష కాక మరేమిటి? పైగా వాదనల మొదటి రోజు ప్రభుత్వం ‘ఇది పన్ను కాదు, కాబట్టి కట్టకముందే కేసు వినొచ్చు’ అంది. మర్నాటి వాదన ‘ఇది పన్నే’. జస్టిస్ అలిటో ఆ సంగతి మొదటి రోజే ఎత్తిపొడిచారు.

లెక్కలపంతులు:
పేరు పక్కన పెట్టి అది నడిచే తీరు చూడండి. 2016 లెక్క తీసుకుందాం. ఒంటరిగా రిటర్న్ వేసేవాడి ఆదాయం 60,000 డాలర్లు. ఫైలింగ్ హద్దు (రిటర్న్ వెయ్యాల్సిన కనీస ఆదాయం) 10,350 తీసేస్తే 49,650. అందులో రెండున్నర శాతం 1,241. తలకి 695 అనే రెండో లెక్క ఇంతకన్నా తక్కువ, కాబట్టి పెద్దదే కట్టాలి. పై హద్దు బ్రాంజ్ అనే చవక రకం ప్లాన్ దేశ సగటు ప్రీమియం, ఆ ఏడు 2,676. కోటీశ్వరుడైనా అంతకు మించి కట్టక్కర్లేదు. ‘కొనడమా, కట్టడమా’ అని మనిషి బేరీజు వేసుకోగలిగినప్పుడు అది పన్నే.

అప్పటి వసూలు పద్ధతి చూడండి. రిటర్న్‌తో పాటు ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్ను శాఖ) కట్టాలి. కట్టకపోతే క్రిమినల్ కేసు పెట్టకూడదు, ఆస్తి మీద లీన్ (బాకీ కింద హక్కు) వెయ్యకూడదు, జీతం జప్తు చెయ్యకూడదు. రావాల్సిన రిఫండ్‌లోంచి కోసుకోవచ్చు, అంతే. 1922లో కోర్టు కొట్టేసిన బాలకార్మిక పన్ను (డ్రెక్సెల్ ఫర్నిచర్ కేసు) వేరే బాపతు. చిన్నపిల్లాణ్ణి ఒక్కరోజు పనిలో పెట్టుకున్నా ఏడాది నికర లాభంలో పది శాతం పోయేది. తెలిసి చేస్తేనే వర్తించేది. తనిఖీకి కార్మికశాఖ వాళ్లు కూడా వచ్చేవారు. ఆ మూడు లక్షణాలూ ఇందులో లేవు.

మొదటిరోజు, రెండోరోజు గొడవకి తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ జవాబు చెప్పారు. కట్టకముందే పన్ను మీద దావా వెయ్యకూడదనే 1867 నాటి చట్టం కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) చేసినదే, అది దేనికి వర్తిస్తుందో చెప్పుకునే హక్కూ కాంగ్రెస్‌దే, కాబట్టి అక్కడ పేరు చెల్లుతుంది. రాజ్యాంగం దగ్గర పేరు చెల్లదు.

ఎడిసన్ తెలుగోడు:
పంతులుగారూ, లెక్క బాగుంది గానీ మూడు నెలల మెలిక వదిలేశారు. పాత కంపెనీ పాలసీ మే 31న ఆగి కొత్తది సెప్టెంబరు 2న మొదలైతే? నెలలో ఒక్కరోజు పాలసీ ఉన్నా నెలంతా ఉన్నట్టే, కాబట్టి సెప్టెంబరు గట్టెక్కింది. జూన్, జూలై, ఆగస్టు ఖాళీ. మినహాయింపు మూడు నెలల ‘లోపు’ ఖాళీకే. సరిగ్గా మూడైతే మొదటి రెండు నెలలూ కూడా పోవు, 1,241లో పావు వంతు, 310 కట్టాల్సిందే.

కృష్ణాతీరం:
ఇంత మెలిక పెట్టి ‘ఇష్టమైతే కట్టు’ అంటే ఎలా? ఇంకోటి, ఏ పనీ చెయ్యనందుకు వేసేది తలపన్ను. తలపన్నును రాష్ట్రాల జనాభా లెక్కన పంచాలని రాజ్యాంగంలోనే ఉంది కదా.

లెక్కలపంతులు:
తలపన్ను అంటే మనిషిగా ఉన్నందుకు అందరిమీదా పడేది. ఇది ఫైలింగ్ హద్దుకు పైన ఆదాయం ఉండి, పాలసీ లేనివాళ్ల మీదే. మీ పక్షం గెలిచిన చోటు మరొకటుంది, దాన్నెందుకు వదిలేస్తున్నారు? రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద జనంచేత కొనిపించలేరని అయిదుగురు జడ్జీలు తేల్చారు. 1942 గోధుమల కేసులో (సొంత వాడకానికి పండించిన గోధుమ మీదా కాంగ్రెస్ హద్దు పెట్టొచ్చని కోర్టు అన్నది) రైతు ఫిల్‌బర్న్ కనీసం పంట వేశాడు, ఇక్కడ మనిషి ఏమీ చెయ్యలేదు అన్నది వాళ్ల వాదన. నాకూ అది సబబే అనిపిస్తుంది.

ఎడిసన్ తెలుగోడు:
2017 పన్ను చట్టం ఆ మొత్తాన్ని 2019 నుంచి సున్నా చేసింది. రాబడే లేనప్పుడు పన్ను అధికారం ఎక్కడిది అని టెక్సస్ దావా వేసింది. కింది కోర్టు మొత్తం చట్టాన్నే కొట్టేసింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో చెప్పిందేమిటంటే, అమలు చేసేవాడే లేని ఆజ్ఞ వల్ల మీకు నష్టం లేదు, దావా వేసే అర్హతే లేదు. సున్నా పన్ను రాజ్యాంగబద్ధమా కాదా అన్నది తేల్చనే లేదు.

కృష్ణాతీరం:
అదే నేననేది. అప్పుడు పన్ను అని నిలబెట్టారు, ఇప్పుడు ఆ పన్నే పోయింది, ఆజ్ఞ మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

ఎడిసన్ తెలుగోడు:
ఉంటే ఉండనీండి, ఫెడరల్ రిటర్న్‌లో కట్టేదేం లేదు. రాష్ట్రాల సంగతి వేరు. మసాచుసెట్స్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, రోడ్ ఐలండ్, వాటితో పాటు డీసీ, సొంతంగా వసూలు చేస్తున్నాయి. రాష్ట్రాలకి సాధారణ పాలనాధికారం ఉంది కాబట్టి పైన మీరిద్దరూ చేసిన వాదన అక్కడ పనికిరాదు. హెచ్1బీ మీద వచ్చి ఈ రాష్ట్రాల్లో ఉండేవాళ్లు ఉద్యోగం మారేటప్పుడు జాగ్రత్త. ట్రావెల్ పాలసీ, పంటి వైద్యం పాలసీ లెక్కలోకి రావు. న్యూజెర్సీలో షెడ్యూల్ ఎన్‌జె-హెచ్‌సీసీ, కాలిఫోర్నియాలో ఫారం 3853. మినహాయింపు కోడ్ వాటిలోనే రాయాలి.