చర్చ: ప్రహ్లాద్ ‘పిరమిడ్ అడుగు’ సిద్ధాంతం పేదలకు మేలు చేసిందా, కంపెనీలకా?

విశ్రాంత అధ్యాపకుడు:
ఇరవై రెండేళ్లు ఎంబీఏ విద్యార్థులకు మార్కెటింగ్ పాఠాలు చెప్పాను. సి.కె. ప్రహ్లాద్ పాఠం వచ్చిన రోజున ఏటా తరగతి రెండుగా చీలిపోయేది. ఆ వాదన ఇక్కడ పెడుతున్నాను.

ఆయన గురించి తెలియని వారికి నాలుగు మాటలు. పూర్తి పేరు కోయంబత్తూరు కృష్ణారావు ప్రహ్లాద్, పుట్టింది 1941లో. మద్రాసు లయోలాలో భౌతికశాస్త్రం చదివి, పందొమ్మిదేళ్లకే యూనియన్ కార్బైడ్ బ్యాటరీల ఫ్యాక్టరీలో చేరారు. అక్కడ గడిపిన నాలుగేళ్లు తన జీవితానికి మలుపని తర్వాత చెప్పుకున్నారు. అహ్మదాబాద్ ఐఐఎంలో మొదటి బ్యాచ్, 1975లో హార్వర్డ్ డాక్టరేటు, ఆ తర్వాత చివరిదాకా మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యత్వం. 1990లో గ్యారీ హామెల్‌తో కలిసి రాసిన వ్యాసంలో కంపెనీని చెట్టుతో పోల్చారు. ఆకులూ పళ్లూ మనం కొనే సరుకులైతే, వేళ్లు ఆ కంపెనీకి మాత్రమే చేతనైన విద్యలు. హోండా వేరు ఇంజిన్ తయారీలో ఉందని చూపించారు. ఆ ఒక్క వ్యాసం చాలు, పేరు నిలవడానికి.

అయినా 2004లో ‘పిరమిడ్ అడుగున సంపద’ (The Fortune at the Bottom of the Pyramid) అనే పుస్తకం తెచ్చారు. ఆదాయాలను పిరమిడ్‌లా పేరిస్తే అడుగున ఉండే పేదలే ఆ ‘అడుగు’. లోకంలో నాలుగు వందల కోట్ల మంది రోజుకు రెండు డాలర్ల లోపే బతుకుతున్నారనీ, వారిని దానం పుచ్చుకునేవారిగా కాక కొనుగోలుదారులుగా చూస్తే వారికీ మేలు, కంపెనీలకూ లాభమనీ అందులో వాదించారు. నా ఉద్దేశంలో పేదవాడికి ఇంతకంటే గౌరవమిచ్చిన వ్యాపార శాస్త్రవేత్త లేరు. కాదనేవారు కారణాలతో చెప్పండి.

లెక్క చూద్దాం:
కాదనేది నేను. ముందుగా అంకెలు. ఆయన ఉన్న విశ్వవిద్యాలయంలోనే పనిచేసే ఆచార్యుడు అనీల్ కర్నానీ 2007లో ఈ వాదాన్ని ఎండమావి అన్నారు. రెండు డాలర్ల లోపు బతికేవారు అప్పటి ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 270 కోట్లే. ఆయా దేశాల్లో డాలరుకు ఎంత సరుకు వస్తుందో దాన్నిబట్టి లెక్కగట్టి, ఈ మార్కెట్టు విలువ 13 లక్షల కోట్ల డాలర్లని ప్రహ్లాద్ రాశారు. మామూలు మారకపు ధరల్లో చూస్తే అది 30 వేల కోట్ల డాలర్లు కూడా ఉండదని కర్నానీ తేల్చారు. పునాది లెక్కలోనే ఇంత తేడా ఉంటే పైన కట్టిన ఇల్లు ఎలా నిలుస్తుంది?

ఇంకొకటి. ప్రహ్లాద్ హిందుస్థాన్ యూనిలీవర్ డైరెక్టర్ల బోర్డులో సభ్యులుగా ఉండేవారు. ఆయన పుస్తకం మెచ్చుకున్న కంపెనీల్లో అదొకటి. ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ చదివేవారికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఊరి కిరాణా:
పుస్తకాల సంగతి నాకు తెలియదు. షాంపూ ప్యాకెట్ల సంగతి తెలుసు. ముప్ఫై ఏళ్లుగా మా కొట్టు ముందు దండల్లా వేలాడుతున్నాయి. ఒక పిల్ల రూపాయి బిళ్ల పట్టుకొచ్చి నిలబడుతుంది. నేను దండలోంచి ఒక ప్యాకెట్టు చింపి ఇస్తాను. శనివారం కూలి డబ్బు చేతికి వచ్చాక ఆ పిల్ల తల్లి వచ్చి నాలుగు తీసుకుంటుంది, ఆదివారం ఇంటిల్లిపాదికీ తలంటు.

ఒక విషయం చాలామందికి తెలియదు. షాంపూ ప్యాకెట్లలో కొంటే సీసాలో కంటే చౌక పడుతుంది, అందుకే మా ఊరి టీచర్లు కూడా దండలే కొంటారు. నూనె, టీ పొడి, టూత్‌పేస్టు అలా కాదు. చిన్న ప్యాకెట్టు కొన్నవాడికి గ్రాము లెక్కన ఎక్కువే పడుతుంది. ఎక్కువ ఇచ్చేది తక్కువ డబ్బున్నవాడే. ఇది నాకు రోజూ కనిపిస్తుంది, బాధగానే ఉంటుంది.

మరో మాట. ఈ ప్యాకెట్లు ఏ ప్రొఫెసరూ కనిపెట్టలేదు. షాంపూను ప్యాకెట్లలో పోసి అమ్మిన కడలూరు చిన్నికృష్ణన్ పేరు పాత డీలర్లందరికీ తెలుసు.

విశ్రాంత అధ్యాపకుడు:
కిరాణా గారూ, మీ మాట నిజం. తాను కనిపెట్టానని ప్రహ్లాద్ కూడా అనలేదు. జరుగుతున్నదాన్ని చూసి దాని వెనక సూత్రం పట్టుకున్నారు, అధ్యాపకుడి పనే అది.

షాంపూ దగ్గరే ఆగిపోకండి. అదే పుస్తకంలో మదురై అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ వెంకటస్వామి ఉద్యోగ విరమణ తర్వాత 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టారు. డబ్బు ఇవ్వగలిగినవారి రుసుముతోనే ఇవ్వలేనివారికీ శస్త్రచికిత్స. కంట్లో అమర్చే కటకాలు దిగుమతి చేసుకుంటే ఖరీదని 1992లో సొంతంగా తయారీ ప్రారంభించారు. అన్నపూర్ణ ఉప్పు సంగతీ చూడండి. మన వంటలో ఉప్పును మరిగిస్తాం, అయోడిన్ కొంత ఆవిరైపోతుంది. అలా పోకుండా చేసే పద్ధతిని హిందుస్థాన్ యూనిలీవర్ వాళ్లు కనుక్కున్నారు. పేదవాడి వంటింట్లో పొయ్యి మీద ఏం జరుగుతుందో ఒక ప్రయోగశాల పట్టించుకోవడం చిన్న విషయమా?

మన ఈ-సేవ కూడా ఆ పుస్తకంలో ఉంది. కరెంటు బిల్లుకు ఒక చోట, నీటి బిల్లుకు ఇంకో చోట, జనన ధ్రువపత్రానికి మరో చోట పూట పూటంతా నిలబడిన రోజులు మరిచిపోయామా? లంచానికి తావు లేకుండా పని జరిగితే ముందుగా బాగుపడేది పేదవాడేనని ఆయన వాదన.

లెక్క చూద్దాం:
అరవింద్‌ను నడిపేది లాభాపేక్ష లేని ట్రస్టు, ఈ-సేవ ప్రభుత్వానిది. రెండూ గొప్పవే. కానీ లాభం కోసం పనిచేసే పెద్ద కంపెనీలు పేదరికాన్ని తగ్గిస్తాయన్న అసలు వాదనకు అవి సాక్ష్యాలు కావు.

కర్నానీ ఇంకో ఉదాహరణ తీసుకున్నారు, అదే హిందుస్థాన్ యూనిలీవర్ వారి ఫెయిర్ అండ్ లవ్లీ. 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న క్రీము. పేద పిల్ల తన రంగు గురించి సిగ్గుపడితే తప్ప అమ్ముడుపోని సరుకు. కొనే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన మేలు జరిగినట్టా? 2020లో పేరులోని ‘ఫెయిర్’ తీసేశారు, నలభై అయిదేళ్లకు. పేదవాడు ఏం కొంటున్నాడని కాదు, వాడి దగ్గర ఎవరు ఏం కొంటున్నారని అడగమంటారు కర్నానీ.

వరంగల్ ఆడపడుచు:
నేను అప్పు గురించి చెప్పాలి. రుణం కూడా షాంపూలాగే చిన్న ముక్కలుగా మా ఊరికి వచ్చింది. మా అమ్మ మూడు మైక్రోఫైనాన్స్ (చిన్న అప్పులిచ్చే) కంపెనీల దగ్గర తీసుకుంది. ప్రతి మంగళవారం ఉదయం ఏడింటికి వేపచెట్టు కింద చాప పరిచేవారు. ఒకరు కట్టలేకపోతే మిగతా తొమ్మిది మందినీ కదలనిచ్చేవారు కాదు. ఒకసారి అమ్మ తన వాయిదా కట్టాక కూడా పదకొండింటిదాకా ఎండలో కూర్చుంది, పక్కావిడ ముక్కుపుడక కుదువ పెట్టి వచ్చేదాకా. అప్పటినుంచి వాళ్లిద్దరికీ మాటలు లేవు.

2010 అక్టోబరులో ఆ కంపెనీలను అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పటికి మా చుట్టుపక్కల ఊళ్లలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. పేదవారిలో మార్కెట్టు చూడమని చెప్పినప్పుడు, ఆ చూపుకు హద్దులు ఎవరు గీస్తారో కూడా చెప్పాల్సింది కదా సార్?

విశ్రాంత అధ్యాపకుడు:
అమ్మా, రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

ప్రహ్లాద్ 2010 ఏప్రిల్‌లోనే, 68 ఏళ్లకు, కన్నుమూశారు. ఆ అక్టోబరును చూడలేదు. ఆయన పుస్తకంలో చూపినది మహిళా పొదుపు సంఘాలు బ్యాంకు నుంచి రుణం పొందే పద్ధతి. ముందు పొదుపు, సంఘం కుదురుకున్నాకే అప్పు. మీ ఊళ్లో నడిచింది అది కాదు. కానీ పేదలకు అప్పివ్వడంలో లాభం ఉందన్న మాట బలంగా వినిపించినప్పుడు ‘ముందు పొదుపు’ అన్న భాగం ఎవరికీ వినిపించలేదు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నేను కూడా ఆ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను. అది నా తప్పు.

కర్నానీ ప్రశ్న సరైనదే. అయితే ప్రహ్లాద్ దాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. ఐటీసీ కంపెనీ ఊళ్లలో పెట్టిన ఈ-చౌపాల్ గుర్తుందా? మధ్యప్రదేశ్ సోయా రైతు ఊళ్లోని కంప్యూటర్లో ధర చూసుకుని, మండీకి వెళ్లాలో కంపెనీకే అమ్మాలో తానే నిర్ణయించుకున్నాడు. అక్కడ రైతు అమ్మేవాడు. పుస్తకంలో నాకు అన్నిటికంటే బలంగా అనిపించే అధ్యాయం ఇప్పుడు అదే. పేదవారిని గౌరవించాలన్న మాట మీద నేను ఇంకా నిలబడతాను. కొనుగోలుదారుగా గౌరవిస్తే సరిపోతుందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కిరాణా గారూ, ఒక సాయం చేయండి. మీ కొట్లో ఉన్న సరుకుల్లో మీ ఊళ్లో తయారైనవి ఎన్ని?

ఊరి కిరాణా:
నిన్న రాత్రి కొట్టు మూసేముందు చూశాను సార్. మూడే. చీపుర్లు, విస్తళ్లు, మినప అప్పడాలు. అప్పడాలు చేసే ఆవిడ వారానికి ముప్ఫై కట్టలు తెస్తుంది, రెండు రోజుల్లో అయిపోతాయి. ఇంకో వంద చేయగలదు. టౌన్లో షాపులవాళ్లు లైసెన్సు నంబరు, ప్యాకెట్టు మీద ముద్ర లేవని తీసుకోవడం లేదు. వెళ్లినప్పుడల్లా సంచితో తిరిగొస్తోంది. ఆ నంబరు ఇంటి దగ్గర చేసేవారు ఎలా తీసుకోవాలో తెలిసినవారు ఇక్కడే రాయండి. ఆమెకు చదివి వినిపిస్తాను.