పాప బొమ్మ చేస్తుంటే మన చెయ్యి ఎంతవరకు పెట్టాలి?

జగిత్యాల నాన్న:
మా పాపకు ఏడేళ్లు. ప్రకృతిలో దొరికే వస్తువులతో ఒక బొమ్మ చేసుకుని రమ్మన్నారు బడిలో. మక్కజొన్న కంకుల మీది రేకులతో చేస్తానని తనే అంది. ఎండు రేకులు వంచితే విరుగుతాయని నీళ్లలో నానబెట్టి ఇచ్చాను, అంతే. మిగతా అంతా తనే చేసింది. ఒక రేకును ఉండ చుట్టి, దాని మీద నాలుగు రేకులు కప్పి మెడ దగ్గర దారం కట్టింది. ఇంకో రేకు సన్నగా చుట్టి చేతుల్లాగా అడ్డంగా దూర్చింది. నడుముకు ఒక కట్టు కడితే కింద రేకులు గౌనులా విచ్చుకున్నాయి. కంకి పీచు పెట్టి జుట్టు చేసింది.

రాత్రి పదిన్నరకు చూస్తే తల ఒక పక్కకు వాలిపోయింది. ఒక చెయ్యి బాగా పొడుగు, ఒకటి పొట్టి. పొద్దున్నే పట్టుకెళ్లాలి కదా అని టెన్షన్ పడి, దారాలు కోసి మళ్లీ బిగించాను, చేతులు సమానం చేశాను. పొద్దున లేచి చూసి, "నాన్నా, ఇది మామిడికాయలు తెంపే అమ్మాయి. చెయ్యి పొడుగ్గా లేకపోతే ఎట్ల అందుతయి?" అంది. బడిలో మెచ్చుకున్నారట. బొమ్మను మాత్రం ఇంటికి తెచ్చుకోలేదు.

నేను పాడుచేశానని నా భార్య అంటోంది. అలాగే పంపితే బడికి చేరేలోపే ఊడిపోయేదని మా అన్న అంటున్నాడు. మీరేమంటారు?

రెండో తరగతి సారు:
నేను చిన్న తరగతులకు చెబుతాను, అది కూడా సర్కారు బడిలో. పెద్దవాళ్లు చేసిన బొమ్మ బల్ల మీద పెట్టగానే తెలిసిపోతుంది. "ఇదెవరమ్మా?" అని అడిగితే ఆ పిల్ల నేల చూస్తుంది. సొంతంగా చేసిన పిల్ల అయితే ఆపమన్నా ఆపదు, బొమ్మకు పేరు, ఊరు, మేనమామ కూడా ఉంటారు. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2023లో కేంద్రం జాదూయీ పిటారా అని ఆటవస్తువుల పెట్టె తెచ్చింది, అందులో బొమ్మలు, తోలుబొమ్మల్లాంటివి ఉంటాయి. అవి ఉన్నది పిల్లలు ఆడుకోవడానికి, మాట్లాడడానికి. మనం వాటిని పోటీగా మార్చేశాం. నా మాట ఒక్కటే: సామాను ఇవ్వండి, చేతులు వెనక్కి కట్టుకోండి. ఊడిపోతే ఊడిపోనివ్వండి.

యలమంచిలి అమ్మ:
సార్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఒప్పుకోలేను. మా వాడికి ఆరేళ్లప్పుడు చవితికి మట్టి వినాయకుణ్ని చేస్తానన్నాడు. సరిగ్గా మీలాంటి మాట ఎవరో చెబితే నేను దూరంగా కూర్చున్నాను. చెరువు మట్టిలో ఇసుక పలుకులు ఏరలేదు. పొట్ట గట్టి ముద్దగా పెట్టాడు. తొండం పొడిగా అతికించాడు. ఎండలో పెట్టాడు. సాయంత్రానికి పొట్ట పగిలి తొండం రాలింది. వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది, మళ్లీ ఏడాది దాకా మట్టి ముట్టలేదు. పలుకులు ఏరాలని, అతికే చోట గీతలు పెట్టి పలుచటి మట్టి రాయాలని, నీడలో ఆరబెట్టాలని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక మాకు దగ్గరే. అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క పట్టిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. పిల్లవాణ్ని ఒంటరిగా ఆ తిరిగే కర్ర ముందు కూర్చోబెట్టి నీ ఇష్టం అని ఎవరూ వదలరు. పక్కన కూర్చుని చూపిస్తారు. కొండపల్లిలోనూ అంతే, పొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అది చూసి నేర్చుకునే పనే.

రెండో తరగతి సారు:
చెప్పడం వేరు, చెయ్యడం వేరు కదమ్మా.

యలమంచిలి అమ్మ:
అక్షరాలు దిద్దించేటప్పుడు పిల్ల చెయ్యి పట్టుకోరా సార్?

రెండో తరగతి సారు:
పట్టుకుంటాను. కానీ ఆ పిల్ల నిద్రపోయాక పలక మీద నేను రాసి పెట్టను. ఈ నాన్నగారు చేసింది అది. అయితే మీ వాడి విషయంలో మీరన్నది నిజమే, మట్టి ఎందుకు పగులుతుందో ముందే చెప్పి ఉండాల్సింది. ఊడిపోనివ్వండి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేతులు వెనక్కి కట్టుకోమన్నది మాత్రం తీసుకోను.

బందరు బామ్మ:
బాబూ, తల వాలడం పిల్ల తప్పు కాదు, నీ తప్పూ కాదు. తడి మీద కట్టిన ముడి రేకు ఆరాక వదులవుతుంది, ఎందుకంటే రేకు ముడుచుకుపోతుంది. తాటాకు బొమ్మలతో పెళ్లిళ్లు చేసిన వాళ్లం, మాకు తెలుసు. ఒక రోజు ముందు చేయించి, మర్నాడు దారం మళ్లీ బిగించుకోవాలి. ఆ బిగింపు పిల్ల చేత్తోనే చేయించు. నువ్వు తల పట్టుకో, చాలు.

చెయ్యి అడ్డం పెట్టి తీరాల్సిన చోటు ఇంకొకటి ఉంది, మీరెవరూ అనలేదు. వినాయకుడికి కళ్లుగా గురివింద గింజలు పెట్టడం మనకు అలవాటు. ఎర్రగా ముద్దొస్తాయి. కానీ అవి విషం, నమిలితే ప్రాణం మీదికొస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటి బదులు మిరియాలు పెట్టండి. గన్నేరు, ఉమ్మెత్త కాయలు కూడా పిల్లల చేతికి ఇవ్వొద్దు. వీటి దగ్గర "నీ ఇష్టం" అనే మాటే లేదు.

జగిత్యాల నాన్న:
అందరికీ దండాలు. మొన్న ఆదివారం పాపను అడిగాను, మళ్లీ చేద్దామా అని. కాసేపు చూసి, "నువ్వు ముట్టొద్దు" అంది. ఒప్పుకున్నాను. సోమవారం పొద్దున ముడులు వదులైనయి. బామ్మ చెప్పినట్టు నేను రెండు వేళ్లతో తల పట్టుకున్నాను, తను నాలుక బయటపెట్టి మూడు ముళ్లు వేసింది. తల ఇప్పటికీ కొంచెం వాలే ఉంది. చెయ్యి ఈసారి ఇంకా పొడుగు, మోకాలు దాటింది. కిటికీలో పెట్టుకుంది.

యలమంచిలి అమ్మ గారూ, మీ వాడు మళ్లీ మట్టి పట్టుకున్నాడా?

బామ్మా, సంక్రాంతికి కొలువు పెడతానంటోంది పాప. తాటాకు లేతది కొయ్యాలా, ముదురుదా? కోసినాక ఎన్ని రోజులు ఆరాలి?