హెల్త్ బార్ ఎర్రబడ్డాకే నాకు ఆటొస్తాది, ఇదేటి?

పర్లాకిమిడి_పాల్:
పిచ్చి ప్రశ్న అనుకోకండి, చాన్నాళ్ళుగా అడుగుదామనుకుంటన్నాను. మాది పర్లాకిమిడి. మా వీధి చివర ఒక గేమ్ పార్లర్ ఉంది, రెండు టీవీలు, రెండు పీఎస్ ఫోర్‌లు, గంటకి 40 రూపాయలు, మధ్యలో కరెంటు పోతే మన ఖర్మ. సాయంత్రాలు నేనూ మా బావా టెక్కెన్ 7 అని ఇద్దరు ఎదురెదురుగా తన్నుకునే గేమ్ ఆడతాం, బావది పాతపట్నం, బోర్డర్ దాటి సైకిలేసుకొని వచ్చెస్తాడు. గేమ్‌లో నా ఫైటర్ పాల్, వాడిది ఎడ్డీ. ఎడ్డీతో ఆడేవాళ్ళ సంగతి తెలిసిందే, ఏ బటన్ నొక్కాడో వాడికే తెలీదు గానీ కాళ్ళు మాత్రం మన మొహమ్మీదే ఉంటాయి.

నా బాధేటంటే రౌండ్ మొదట్లో నేను పరమ చెత్తగా ఆడతాను. అక్కర్లేని చోట దూకడం, వాడు బ్లాక్ చేస్తాడని తెలిసీ డెత్ ఫిస్ట్ (పాల్ వేసే పెద్ద గుద్దు) వెయ్యడం, తన్నులు తినడం. ప్రాణం ఎంతుందో చూపించే హెల్త్ బార్‌లో గోరంత మిగిలి, వెనక బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఒడియా కుర్రాళ్ళు "సరిగలా సరిగలా" (అయిపోయాడు అని) చప్పట్లు మొదలెట్టాక అప్పుడు పూనకం వచ్చినట్టు ఆడతాను. నిన్నయితే ఇంకొక్క తన్ను తగిల్తే పోతాను, బావకి ముప్పావు బార్ ఉంది, వాడు నేలబారుగా తన్నాడు, బ్లాక్ చేసాను, మళ్ళీ తన్నాడు, మళ్ళీ బ్లాక్, మూడోసారి వాడి కాలు లేవకముందే గాల్లోకి లేపి గోడ దాకా తీసుకెళ్ళి కొట్టాను, ఇంకో రెండు దెబ్బలకి రౌండ్ నాది. ఇవి నా చేతులేనా అనిపించింది.

ఇది నా భ్రమా, గేమే సాయం చేస్తందా, లేకపోతే నా బుర్రలోనే ఏదైనా తేడానా? మొదట్నించీ అలా ఆడాలంటే ఏం చెయ్యాలి?

బరంపురం_బటన్:
తమ్ముడూ, నీ చేతుల్ని పొగుడుకునే ముందు ఆ గేమ్‌ని ఓసారి అడుగు. టెక్కెన్‌లో రేజ్ అని ఉంటాది, 6 నుంచీ ఉంది, హెల్త్ సుమారు పావు వంతుకి దిగితే ఒళ్ళంతా ఎర్రగా మండినట్టు కనబడతాది చూడు, అక్కణ్ణించి నీ దెబ్బకి బలం పెరుగుద్ది. 7లో దాంతోపాటు రేజ్ ఆర్ట్ కూడా చేతికిస్తాడు, ఎదుటోడు కొడుతున్నా ఆగకుండా దూసుకెళ్ళే దెబ్బ. అంటే తన్నులు తింటన్నవాడికి గేమే కర్ర అందిస్తంది అన్నమాట.

టెక్కెన్ ఒక్కటే కాదు. పోకెమాన్‌లో చార్మండర్ అనే నారింజ రంగు బల్లికి బ్లేజ్ అని ఒక గుణం, హెచ్‌పీ (దాని హెల్త్) మూడో వంతుకి పడిపోతే నిప్పు దెబ్బల బలం ఒకటిన్నర రెట్లు. మారియో కార్ట్ రేసులో ముందు పోతున్నవాడికి అరటి తొక్కలూ నాణేలూ, ఆఖర్న ఏడుస్తున్నవాడికి ముందుకి దూసుకెళ్ళే బుల్లెట్ బిల్, మిగతావాళ్ళని కొట్టే మెరుపు. మా చెల్లి ఈ కిటుకు కనిపెట్టి కావాలనే సగం రేసు వెనకాల ఉంటాది, దొంగ మొహంది.

ఇంకో మోసం ఉంది, అది నాకు భలే నచ్చింది. 2017లో గేమ్‌లు తయారుచేసేవాళ్ళు కొందరు ట్విట్టర్‌లో తమ గుట్లు విప్పారు, అందులో డూమ్, అసాసిన్స్ క్రీడ్ అనే గేమ్‌ల సంగతి వచ్చింది, హెల్త్ బార్‌లో ఆఖరి ముక్క చూడ్డానికి మిగతా ముక్కలంతే గానీ లోపల దానికి ఎక్కువ హెల్త్ పెట్టారంట. వెంట్రుకవాసిలో బతికిపోయాం అని మనం చొక్కా తడిసేలా మురిసిపోతాం, అక్కడ చూస్తే వెంట్రుక కాదు, మోకు.

పర్లాకిమిడి_పాల్:
రేజ్ సంగతి తెలుసన్నా. కానీ రేజ్ దెబ్బకి బలం ఇస్తాది గానీ బ్లాక్ చెయ్యమని చెవిలో చెప్పదు కదా. నిన్న ఆ రెండు బ్లాక్‌లు ఎవరు చేసినట్టు?

గుణుపురం_రైడర్:
మంచి ప్రశ్నే అడిగావు. నాకు ఈ వీడియో గేమ్‌లు రావు, కబడ్డీ వచ్చు, కాలేజీ టీమ్‌కి ఆడాను, కాబట్టి నాకు తెలిసిన దాంట్లోంచి చెప్తాను. ప్రో కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ చూసుంటావు, వరసగా రెండు రైడ్‌లు ఖాళీగా వచ్చేస్తే మూడోదానికి పాయింటు తేవాల్సిందే, తేకపోతే రైడర్ అవుట్. మొదటి రెండు రైడ్‌లకి వెళ్ళేటప్పుడు బుర్రలో సంత జరుగుతుంటాది, బోనస్ గీత తొక్కనా, కార్నర్‌ని తాకనా, ఊరికే 30 సెకన్లు తిరిగి వచ్చీనా. మూడోదానికి లైను దాటేసరికి సంత మొత్తం కట్టేస్తారు. నాకు ఎడం కార్నర్‌వాడి మోకాలు తప్ప ఏదీ కనబడేది కాదు, ఆ మోకాలి మీద మట్టి, వాడు బరువు ఏ కాలి మీద వేసాడు, కాలివేళ్ళు ఎటు తిరిగున్నాయి, అంతే. అవి మొదటి రైడ్‌లో కూడా అక్కడే ఉన్నాయి, నేనే చూడలేదు.

నీదీ అదే కేసు. బార్ నిండా ఉన్నప్పుడు నీకు వంద పనులు, గోరంత ఉన్నప్పుడు తన్ను తినకపోవడం ఒక్కటే పని. అందుకని వాడి కాలు చూసావు.

ఇంకోటి, మీ బావని కూడా లెక్కలోకి తీసుకో. కబడ్డీలో మ్యాట్ మీద ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలి ఉండగా రైడర్‌ని పట్టేస్తే సూపర్ టాకిల్, 2 పాయింట్లు, బటన్ అన్న చెప్పిన రేజ్ లాంటిదే అది కూడా. ఇంతా చేసి ఆ ముగ్గురికి రైడర్ ఎందుకు దొరుకుతాడంటే, ముగ్గురే కదా అని లోపలికి నాలుగడుగులు ఎక్కువ వేస్తాడు కాబట్టి. ముప్పావు బార్ ఉన్నవాడు మూడోసారి అదే తన్ను ఎందుకు తన్నాడు మరి? అయిపోయాడులే అనుకున్నాడు.

జయపురం_అక్క:
రైడర్ తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను టీచర్‌ని, నా గేమ్ క్యాండీ క్రష్, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. 25 మూవ్‌లు ఇస్తే 20 మూవ్‌లు బస్సులో ఊగుతూ ఎడాపెడా జరిపేస్తాను, 5 మిగిలాయని చూసాక ఫోన్ రెండు చేతుల్తో పట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఇది జరిపితే పైనుంచి ఏది రాలుద్ది అని లెక్కేస్తాను, ఆ లెక్కలో పడి స్టాపు దాటిపోయి నడిచొచ్చిన రోజులున్నాయి.

మాకు బీఎడ్‌లో యెర్క్స్, డాడ్సన్ అని ఇద్దరి ప్రయోగం చెప్పారు, 1908 నాటిది. ఎలకలకి తెల్ల పెట్టె, నల్ల పెట్టె పెట్టి, నల్లదాంట్లోకి వెళ్తే కరెంటు షాక్ ఇచ్చారు పాపం. రెండిటికీ తేడా సులువుగా తెలిసేలా ఉన్నప్పుడు షాక్ పెంచేకొద్దీ తొందరగా నేర్చుకున్నాయి. వెలుతురు తగ్గించి తేడా కనిపెట్టడం కష్టం చేసాక మాత్రం షాక్ ఎక్కువైతే పని చెడింది, మధ్యస్థంగా ఉన్నప్పుడే బాగా నేర్చుకున్నాయి. నువ్వు ఎలకవి అనట్లేదు బాబూ, కానీ బ్లాక్ చెయ్యడం సులువు పని, దానికి భయం పనికొస్తుంది. గోడ దాకా కొట్టిన ఆ కాంబో, అదే వరస దెబ్బలు, నీకు ముందే చేతికి అలవాటైనదై ఉంటుంది. నిన్ననే నేర్చుకున్నది ఒకటి ఆ గోరంత బార్‌తో వేసి చూడు, వేళ్ళు వణికిపోతాయి.

పర్లాకిమిడి_పాల్:
నిజమే అక్కా, నాకు వచ్చింది అదొక్క కాంబోనే.

రాయగడ_రివైండ్:
ఇంతమంది ఇన్ని రాసారు, డైగో పేరు ఒక్కళ్ళూ ఎత్తలేదేంటి. 2004 ఈవో, అంటే ఫైటింగ్ గేమ్‌ల పెద్ద టోర్నీ, కాలిఫోర్నియాలో పొమోనా, ఆట స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. డైగో ఉమెహారాది కెన్, జస్టిన్ వాంగ్‌ది చున్ లీ. కెన్ బార్‌లో చుక్క మిగిలింది. ఆ గేమ్‌లో స్పెషల్ దెబ్బలు బ్లాక్ చేసినా కొంచెం హెల్త్ రాలుద్ది, అంటే డైగో బ్లాక్ చేసినా చావే. జస్టిన్ సరిగ్గా అది చూసుకొని సూపర్ (స్పెషల్‌కన్నా పెద్ద దెబ్బ) వదిలాడు, టకటకా 15 తన్నులు. మిగిలిన దారి పారీ ఒక్కటే. వెనక్కి నొక్కితే బ్లాక్, తన్ను తగిలే క్షణంలో ముందుకి నొక్కితే పారీ, ఒక్కో తన్నుకీ విడిగా నొక్కాలి, అంటే ప్రాణం పోయేటప్పుడు చెయ్యి శత్రువు వైపుకే కదలాలి. 15కి 15 పట్టాడు, ఆఖరిది గాల్లోకి ఎగిరి మరీ పట్టాడు, ఆ వెంటనే కాంబో, చున్ లీ అవుట్. హాలంతా ఒకటే గోల.

రైడర్ అన్న లెక్క ఇక్కడ కుదిరింది, దారి ఒక్కటే. కాకపోతే ఆ దారి డైగో ముందే వెయ్యిసార్లు నడిచినది, అప్పటికప్పుడు పూనిందేం కాదు. పైగా ఆ టోర్నీ డైగో గెలవలేదు, ఫైనల్లో కెంజీ ఒబాటా చేతిలో ఓడిపోయాడు. ఆ ఫైనల్ ఎంతమంది చూసుంటారు? ఆ 15 తన్నులు మాత్రం లోకమంతా చూసింది.

అందుకే నాకు నీ ప్రశ్న మీదే డౌటు. గోరంత బార్‌తో గెలిచిన రౌండ్ నిన్నటిది ఇంత వివరంగా చెప్పావు, అదే గోరంత బార్‌తో ఓడినవి ఎన్ని? ఒక్కటి చెప్పు చూద్దాం. పుస్తకంలో రాసుకో, వారం రోజులు.

బరంపురం_బటన్:
రాయడు. రాస్తే పరువు పోద్ది.

పర్లాకిమిడి_పాల్:
9 రోజులైంది, రాసాను, పరువు పోయింది. బార్ ఎర్రబడిన రౌండ్‌లు 52, గెలిచినవి 11. ఆ 11లో 8 సార్లు బావ బ్లాక్ చెయ్యడం మానేసి ఎడ్డీ చేత గిరగిరా డాన్స్ చేయిస్తున్నాడు, మిగతా 3 నేను నిజంగా బాగా ఆడాను, లేదా అలా అనుకుంటన్నాను. వాడికీ పుస్తకం చూపించాను, తప్పు చేసాను, నిన్నట్నించి ముప్పావు బార్ ఉన్నా బ్లాక్ చేస్తన్నాడు.

తర్వాత రైడర్ అన్న చెప్పిన సంత సంగతి ఆలోచించి ఒక పని చేసాను. ఒడియా పేపర్ అడ్డంగా పొడుగ్గా చింపి టీవీ పైన బార్‌లు కనబడకుండా టేప్ వేసాను, మధ్యలో ఉండే టైమ్ కూడా మూసుకుపోయింది. ఎవరికెంత ఉందో ఇద్దరికీ తెలీదు, ఒళ్ళు మండితే రేజ్ అని తెలుస్తాది, దాన్ని పేపరుతో కప్పలేం కదా. మొదటి రౌండ్‌లో ఇద్దరం ఎంత జాగ్రత్తగా ఆడామంటే ఒకడి కాళ్ళు ఒకడు చూసుకుంటూ ముందుకీ వెనక్కీ నడుస్తూ ఉండిపోయాం, ఉన్నట్టుండి టైమ్ అయిపోయింది, నేను గెలిచానంట, ఎంతతో గెలిచానో తెలీదు. అనవసరంగా డెత్ ఫిస్ట్ ఒక్కటీ వెయ్యలేదు, అది మాత్రం నాకే వింతగా అనిపించింది.

బెంచీ మీద కుర్రాళ్ళకి మాత్రం ఒళ్ళు మండింది. బార్ కనబడకపోతే సరిగలా అని ఎప్పుడు అరవాలి? వాళ్ళే వెళ్ళి పార్లర్ ఆయనకి చెప్పేసారు. ఆయనొచ్చి పేపర్ పీకాడు, పేపర్ వచ్చింది, టేప్ జిగురు స్క్రీన్ మీద ఉండిపోయింది, చార్మండర్ రంగులో ఇంత మరక. సోమవారం లోపు పోగొట్టకపోతే పార్లర్‌లోకి రానివ్వనన్నాడు. కొబ్బరినూనె రాస్తే వదులుద్దా, ఎవరికైనా తెలుసా?

జయపురం_అక్క:
నూనె జోలికి వెళ్ళకు బాబూ! టీవీ కట్టేసి, చల్లారాక, మెత్తటి గుడ్డ కొంచెం తడిపి గట్టిగా పిండి, నొక్కకుండా నెమ్మదిగా తుడువు. బావని గుడ్డ పట్టనివ్వకు.