అప్‌డేట్: రాత్రి ఆత్మపరిశీలన గురించి అడిగాను కదా

నన్ను నేను పరీక్షించుకుందామని ప్రార్థనలో కూర్చుంటే టెన్షనే మిగులుతోంది, ఎలా చేయాలి అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు. కాజీపేట అక్క చెప్పిన పద్ధతి కుదిరింది. 16వ శతాబ్దంలో కాథలిక్ గురువు ఇగ్నేషియస్ లయోలా నేర్పినట్టు ముందు ఆ రోజు మేళ్లకు కృతజ్ఞత, ఆపై వెలుగు కోసం ప్రార్థన, అప్పుడే రోజంతా గుర్తు చేసుకోవడం, క్షమాపణ, రేపటి తీర్మానం. ఈ వరసే నాకు మేలు చేసింది. మాది బాప్టిస్టు సంఘం, అయినా ఇబ్బంది అనిపించలేదు. 139వ కీర్తనలో కూడా పరిశోధించమని అడిగింది దేవుణ్ణే కదా.

మొన్న రాత్రి అత్తమ్మ షుగర్ గోలి వేసుకుని, మూడోసారి "గోలి ఏసుకున్ననా బిడ్డా" అని అడిగితే నాకు విసుగు రాలేదు. నోట్‌బుక్‌లో ముందు అదే రాసి దేవుణ్ణి స్తుతించాను.

ఈ ఆదివారం ప్రభు భోజనం. తనను తాను పరీక్షించుకున్నాకే ఆ రొట్టె తినాలని బైబిల్లో 1 కొరింథీ 11:28 చెప్పినట్టు శనివారం రాత్రి ఇంకాసేపు కూర్చుంటాను.